మోకు వదలకముందే తేలిపోయే పందెం

మొన్న సంక్రాంతికి కోనసీమలో కాలువగట్టు పక్కన గుర్రపు పందెం చూశాను. ఇద్దరు మనుషులు దారికి అడ్డంగా మోకు పట్టుకున్నారు. ఐదు గుర్రాల్లో నాలుగు ముందుకు చూస్తున్నాయి. చివరి తెల్లగుర్రం డప్పుల మోతకు బెదిరి పక్కకు తిరిగింది. రౌతు కళ్లెం లాగి సరిచేసేలోపే మోకు వదిలేశారు. ఆ గుర్రం దారిన పడేసరికి మిగతావి కొబ్బరితోట మలుపు తిరిగాయి. "దానిలో పస లేదు" అన్నాడు పక్కనున్న పెద్దాయన. పస లేనిది ఆ మోకుకేనని నాకనిపించింది.

దౌడు తీసే గుర్రం ఒక్క సెకనులో ఐదారు గుర్రాల పొడవు దాటిపోతుంది. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో 1200 మీటర్ల పందెం నిమిషంపావులో ముగుస్తుంది. అక్కడ మొదట్లో పోయిన సెకనును తిరిగి సంపాదించడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. తాడును నమ్ముకుని పరువు పోగొట్టుకున్నది పల్లెటూళ్లే కాదు. ఇంగ్లండులో 1993లో గ్రాండ్ నేషనల్ అనే పేరున్న గుర్రపు పందెంలో అడ్డుగా కట్టిన టేపు ఒక జాకీ మెడకు చుట్టుకుంది. ఆరంభం చెల్లదన్నా వినిపించుకోక 39 గుర్రాల్లో 30 పరుగు తీశాయి. చివరికి పందేన్నే రద్దు చేశారు.

తాడుకు బదులుగా, పందెం మొదలుపెట్టడానికి క్లే ప్యూయెట్ అనే ఆయన తయారుచేసిన విద్యుత్ గేటు 1939లో కెనడాలో వాడుకలోకి వచ్చింది. గుర్రానికొక గది, ముందు తలుపులను పట్టి ఉంచే విద్యుదయస్కాంతం. పందెం మొదలుపెట్టే స్టార్టర్ మీట నొక్కితే కరెంటు ఆగి తలుపులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. కరెంటు పోతే బిగుసుకుపోవడం కాదు, తెరుచుకోవడమే దాని గుణం. కరెంటు కోతలు ఎరిగిన మనకు ఈ తెలివి ముచ్చటగానే ఉంటుంది.

అయితే ఈ ఇనుప గేటు చేసేది సగం పనే. గుర్రం బెదురు జంతువు. ఇరుకు గదిలోకి నడవమంటే దానికి బోనులోకి పొమ్మన్నట్టే. ముందు ఎక్కినది ఎక్కువసేపు నిలబడి చెమటలు కక్కుతుంది. జపాన్‌లో బేసి అంకెల గుర్రాలను ముందు, సరి అంకెలవాటిని తర్వాత ఎక్కిస్తారు, అన్నిటికంటే బయటి గదిలోనిదాన్ని చివరికి ఉంచుతారు. అంటే బేసి అంకె వచ్చిన గుర్రానికి నిరీక్షణ రాసిపెట్టి ఉన్నట్టే. మొండికేసినదానికి కళ్లకు గంత కడతారు. (మన కోళ్ల ముసుగు పందెంలో ముసుగు ఎదుటివాడికి కోడి కనబడకుండా, ఇక్కడ గుర్రానికే గేటు కనబడకుండా.) 2009లో అమెరికాలో క్వాలిటీ రోడ్ అనే మేటి గుర్రం గంత కట్టినా లొంగక, గేటులో తన్నులాడి పందేనికే దూరమైంది. ఓపికగా మళ్లీ నేర్పిస్తే మరుసటి ఏడాది అదే గుర్రం పెద్ద పందేలు గెలిచింది.

అందుకే మన పందేలకూ ఇనుప గేటు తెప్పించాలన్నవారి మాట నాకు నచ్చదు. నెలల తరబడి అలవాటు చేయని గుర్రానికి అది ఉచ్చు. మన ఎడ్ల పరుగు పందేల్లో దారి ఉండనే ఉంది: జత తర్వాత జతను వదిలి, నిమిషాలు, సెకన్లు, సెకనులో భాగాలైన పాయింట్లు లెక్కగట్టడం. గుర్రాలకూ అదే చేస్తే మోకు గొడవే ఉండదు. పక్కపక్కన పరిగెడితేనే మజా అంటారు, నిజమే. అలాగైతే రెండేసి గుర్రాలనే వదలండి, డప్పులను వంద గజాలు వెనక్కి జరపండి, రెండూ ముందుకు చూసేదాకా మోకు వదలకండి.

ఆ సాయంత్రం డప్పులు ఆగాక తిరిగి వస్తుంటే తెల్లగుర్రం కనిపించింది. ఆ మోకు పక్కనే, దారికి తిన్నగా నిలబడి గడ్డి మేస్తోంది.