లేచి నిలబడ్డాడు సరే, ఆ తర్వాతి గంటల మాటేమిటి?

నగరంలో ఏ కూడలిలోనైనా బైకు జారిపడిన చోట నలుగురూ గుమిగూడగానే ఒక మాట వినిపిస్తుంది: "ఏం గాలే, లేచి నిలవడ్డడు." పడినవాడు బట్టలు దులుపుకుంటాడు. ఎవరో నీళ్ల సీసా అందిస్తారు. బండి స్టార్టయితే చాలు, వెళ్లిపోతాడు. చాలాసార్లు నిజంగానే ఏమీ కాదు. కానీ తలకు దెబ్బ తగిలిన మనిషి విషయంలో ఇంత ప్రమాదకరమైన భరోసా మరొకటి లేదు.

తల నేలకు తగిలిన క్షణంలో జరిగిన నష్టాన్ని ఏ వైద్యుడూ వెనక్కి తిప్పలేడు. ఆ తర్వాత గంటల్లో, ఒక్కోసారి రోజుల్లో, లోపల రక్తం చేరి, మెదడు వాచి, ఆక్సిజన్ అందక, బీపీ పడిపోయి రెండో నష్టం జరుగుతుంది. అంబులెన్సు, స్కాన్, ఆపరేషన్, ఐసీయూ అన్నీ ఈ రెండో నష్టాన్ని ఆపడానికే. హైదరాబాద్‌లో న్యూరోసర్జన్లకు కొదవ లేదు. నిమ్స్, గాంధీ, ఉస్మానియా ఉన్నాయి, కార్పొరేట్ ఆస్పత్రులు లెక్కలేనన్ని. మన లోపమంతా దెబ్బ తగిలిన చోటికీ ఆపరేషన్ బల్లకీ మధ్య గడిచే గంటల్లో ఉంది, డిశ్చార్జి తర్వాతి నెలల్లో ఉంది.

పుర్రె మూత బిగించిన డబ్బా. సుమారు 1,400 గ్రాముల మెదడు, దాని చుట్టూ 150 మిల్లీలీటర్ల దాకా ద్రవం, నాళాల్లో రక్తం, ఇంతే అందులో పట్టేది. పెద్దవాళ్లలో పుర్రె సాగదు. లోపల రక్తం గడ్డకడుతుంటే మొదట ద్రవం పక్కకు తప్పుకుని కాస్త చోటిస్తుంది. అందుకే కాసేపు మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. ఆ చోటు కూడా అయిపోయాక ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి, ఊపిరినీ గుండెనూ నడిపించే కింది భాగం వైపు మెదడును నొక్కేస్తుంది.

కణత దగ్గర ఎముక పలచన. దాని లోపలి వైపు ఒక ధమని పోతుంది. అక్కడ ఎముక విరిగి ఆ ధమని చిట్లితే పుర్రెకూ మెదడు పైపొరకూ నడుమ రక్తం చేరుతుంది. దీన్ని ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా అంటారు. ఇలాంటి మనిషి క్షణకాలం స్పృహ తప్పి తేరుకోవచ్చు, అసలు తప్పకనే పోవచ్చు. మాట్లాడతాడు, టీ తాగుతాడు, ఇంటికి ఫోన్ చేస్తాడు. తర్వాత తలనొప్పి మొదలవుతుంది, వాంతులవుతాయి, మగత కమ్ముతుంది, ఒక కంటిపాప పెద్దదవుతుంది. 2009 మార్చిలో కెనడాలో మంచు మీద స్కీయింగ్ నేర్చుకుంటూ పడిపోయిన నటి నటాషా రిచర్డ్‌సన్‌కు జరిగింది ఇదే. పడిన వెంటనే మామూలుగా మాట్లాడింది, వైద్యసాయం వద్దంది, రెండు రోజుల్లో చనిపోయింది. బాధ ఏమిటంటే, వేళకు చేరితే తల గాయాల్లో ఎక్కువ ఆశ పెట్టుకోదగినది కూడా ఇదే. గడ్డ తీసేస్తే, కింద మెదడు దెబ్బతినకపోతే, నడుచుకుంటూ ఇంటికి వెళ్లినవాళ్లు ఎందరో.

పెద్ద వయసువాళ్ల కథ ఇందుకు తలకిందులు. బాత్రూంలో జారిన తాతకు నుదుట చిన్న బొప్పి కడుతుంది. పసుపు అద్దుతారు, మర్చిపోతారు. వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోయి, దాని పైనుండే సన్నని సిరలు లాగినట్టుంటాయి. అవి తెగి చుక్క చుక్కగా రక్తం చేరుతుంది. మూడు నాలుగు వారాల తర్వాత ఆయన కాలు ఈడుస్తాడు, మనవరాలి పేరు తడుముకుంటాడు, పగలంతా నిద్రపోతాడు. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకుంటారు, లేదంటే పక్షవాతమనుకుని నాటు మందుకు పరుగెత్తుతారు. గుండెజబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. చాలామందికి పుర్రెకు ఒకటి రెండు చిన్న రంధ్రాలు పెట్టి ఆ పాత రక్తాన్ని బయటికి తీస్తే సరిపోతుంది. "నెలరోజుల్లో ఎక్కడైనా పడ్డారా?" అని అడిగే డాక్టరు, నిజం గుర్తు చేసుకునే కుటుంబం ఉంటే చాలు.

ఇక స్కాన్‌లో పెద్దగా ఏమీ లేదు, మనిషి మాత్రం కళ్లు తెరవడు అనే పరిస్థితి మరొకటి. వేగంగా పోతున్న తల ఒక్కసారిగా ఆగినప్పుడు మెదడులోని సన్నని నరాల తంతువులు లోలోపలే సాగి తెగుతాయి. సీటీలో ఇది సరిగా కనబడదు, ఎంఆర్ఐలో కొంత తెలుస్తుంది. ఆపరేషన్ చేసి తీయడానికి అక్కడ గడ్డ ఉండదు. "స్కాన్ బాగనే ఉందన్నరు, మరి ఎందుకు లేస్తలేడు?" అని అడిగే తల్లికి కూర్చోబెట్టి విడమరిచి చెప్పడం కూడా వైద్యంలో భాగమే. ఆ పని జరగని చోటే అపనమ్మకం పుడుతుంది.

గాయం తీవ్రతను తేల్చడానికి 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు వైద్యులు ఇచ్చిన కొలమానాన్నే నేటికీ వాడుతున్నారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఏ స్పందనా లేకపోయినా 3 ఉంటుంది. 13 నుంచి 15 దాకా స్వల్పం, 9 నుంచి 12 మధ్యస్థం, 8కి దిగితే తీవ్రం. అప్పుడు సాధారణంగా గొంతులో గొట్టం వేసి శ్వాసను కాపాడాల్సి వస్తుంది. రాత్రి వార్డులో నర్సు గంటకోసారి వచ్చి "నీ పేరేంది? ఏడున్నవ్? ఇయ్యాల ఏం వారం?" అని అడుగుతుంది, కళ్లలోకి టార్చి కొడుతుంది, పలక్కపోతే భుజం దగ్గర గట్టిగా నొక్కుతుంది. పక్కనున్న బంధువులకు కోపం వస్తుంది: "పండుకున్నోణ్ణి ఎందుకమ్మా సతాయిస్తవ్?" ఆమె చూస్తున్నది 14 అంకె 12కు జారుతోందా అని. ఒక్కసారి చూసిన అంకె కన్నా అది ఎటు పోతోందన్నదే ముఖ్యం. సీటీ స్కాన్ తీసిన ఆ క్షణానికే సాక్ష్యం. ఆరు గంటల తర్వాత లోపల ఏముందో పాత ఫిల్ము చెప్పదు.

అలాగని ప్రతి బొప్పికీ స్కాన్ అక్కర్లేదు. రెండు గంటలైనా పూర్తి స్పృహ రాకపోవడం, రెండు లేదా అంతకన్నా ఎక్కువ వాంతులు, చెవి నుంచో ముక్కు నుంచో రక్తంగానీ నీళ్లుగానీ కారడం, కళ్ల చుట్టూ నల్లగా కమలడం, 65 దాటిన వయసు, దెబ్బకు ముందు సంగతులు గుర్తులేకపోవడం, ఎత్తు నుంచి పడటం ఉంటే తీయాల్సిందే. మూర్ఛ వచ్చినా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ఆలోచించే పని లేదు. పసిపిల్లలకు మాత్రం రేడియేషన్ ఊరికే మంచిది కాదు. అనుభవమున్న డాక్టరు "కొన్ని గంటలు ఇక్కడే ఉంచండి, చూద్దాం" అంటే అది నిర్లక్ష్యం కాదు, చక్కటి వైద్యం.

ఆ "చూద్దాం" దగ్గరే మన నగరం తప్పుతోంది. స్వల్ప గాయమని ఇంటికి పంపేటప్పుడు ఒక రోజైనా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలని చెబుతారు. అమీర్‌పేట హాస్టల్ గదిలో ఉండే కుర్రాడిని ఎవరు కనిపెట్టుకుంటారు? రాత్రి పదకొండుకు ఆర్డరు ఇచ్చి వస్తూ పడిన డెలివరీ బాయ్ రూముకెళ్లి తలుపేసుకుంటే, మర్నాడు మధ్యాహ్నం దాకా అడిగేవాడుండడు. పరంజా మీంచి పడిన పాలమూరు కూలీకి సైటు పక్కన రేకుల షెడ్డే ఇల్లు. ఒంటరిగా ఉండేవాళ్లను ఆ రాత్రికి ఉంచుకునే పరిశీలన పడకలు ప్రతి ఏరియా ఆస్పత్రిలోనూ కావాలి. ఆపరేషన్లు చేసే మరో రోబో కన్నా, మరో ఆస్పత్రి టవర్ కన్నా ఇవి చవక.

శనివారం రాత్రుళ్లది ఇంకో గోస. మద్యం వాసన వచ్చిందంటే "తాగిండు, పొద్దుగాల దిగుతది" అని పక్కకు పడుకోబెడతారు. మత్తూ మెదడు గాయమూ బయటికి ఒకేలా ఉంటాయి. తాగినవాడి తలకు దెబ్బ ఉంటే, మత్తు వల్లే ఇలా ఉన్నాడని ఆఖరున మాత్రమే అనుకోవాలి.

రోడ్డు మీద మనం చేయగలిగింది తక్కువే, కానీ విలువైనది. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెడను వంచకుండా ఒంటితో పాటు నిటారుగా పట్టుకోవాలి, వాంతి అవుతుంటే ఒంటినంతా కలిపి పక్కకు తిప్పాలి. ఆటోలో కూర్చోబెట్టి తల వేలాడేస్తూ తీసుకుపోయే బదులు 108కి ఫోన్ చేయాలి. ఆ సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది ఈ నగరంలోనే. సాయం చేసినవారిని వేధించకూడదని 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. అయినా "పోలీస్ కేసు అయితది" అనే భయం పోలేదు.

దగ్గరలో ఉంది కదా అని సీటీ లేని చిన్న ఆస్పత్రికి, అక్కడి నుంచి అడ్వాన్సు అడిగే ఇంకోదానికి, ఆఖరికి సర్కారు దవాఖానాకు తిప్పడంలో పోయే సమయాన్ని ఏ సర్జనూ తిరిగి ఇవ్వలేడు. తీవ్ర గాయంలో పై బీపీ ఒక్కసారి 90 కంటే కిందికి పడిపోయినా మరణం ముప్పు సుమారు రెట్టింపవుతుందని 1990ల నుంచే తెలుసు. 24 గంటలూ సీటీ, న్యూరోసర్జన్ ఉన్న ఆస్పత్రుల పట్టికను జీహెచ్ఎంసీ సర్కిళ్ల వారీగా ప్రకటించి, ప్రతి అంబులెన్సులో, ప్రతి ట్రాఫిక్ పోలీసు స్టేషన్‌లో అతికించాలి. ఇది పెద్ద ఖర్చు పని కాదు.

చికిత్సలో జనం ఆశించేది మెదడు వాపు తగ్గించే ఇంజెక్షన్. దశాబ్దాల పాటు స్టెరాయిడ్లు అలాగే ఇచ్చారు. 10 వేలకు పైగా రోగుల మీద జరిగిన 'క్రాష్' అనే అధ్యయనం 2004లో వాటి వల్ల మరణాలు పెరుగుతున్నాయని తేల్చింది. పుర్రెలో ఒత్తిడి తగ్గించే మానిటాల్ అనే మందు, గాఢమైన సెలైన్, వెంటిలేటర్, ఇవీ సరిపోనప్పుడు పుర్రెలో పెద్ద ముక్కను తీసి మెదడుకు చోటివ్వడం నేటి పద్ధతి. ఆ ఎముకను చాలా చోట్ల రోగి పొట్ట చర్మం కిందే దాచి, వాపు తగ్గాక కొన్ని నెలలకు మళ్లీ అమరుస్తారు. ఈ ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది. లేచి నడుస్తాడని మాత్రం హామీ ఇవ్వదు. సంతకం తీసుకునే ముందు ఆ తేడా చెప్పాలి.

హెల్మెట్ గురించి చెప్పి చెప్పి విసుగొచ్చినా చెప్పక తప్పదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా, హెల్మెట్ పెట్టుకోనివారు 50,029 మంది. అందులో వెనక కూర్చున్నవాళ్లు 14 వేల పైమాటే. హెల్మెట్ మరణం ముప్పును 42 శాతం, తల గాయం ముప్పును 69 శాతం తగ్గిస్తుందని పలు అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. కెమెరా ఉన్న చోట తలకెక్కి, దాటగానే ట్యాంకు మీదికి దిగే హెల్మెట్, గడ్డం కింద బెల్టు వేయని హెల్మెట్, భర్త తలకు ఉండి వెనక చీరకొంగు పట్టుకుని కూర్చున్న భార్యకు లేని హెల్మెట్, ఈ మూడూ మన రోడ్ల మీద నిత్యం కనిపించేవే. సంక్రాంతి పతంగుల వేళ పిట్టగోడ లేని డాబాల మీంచి పడే పిల్లల సంగతి మనం పండుగ మరునాడే మర్చిపోతాం.

బతికి బయటపడ్డాక ఏమిటన్నది మాట్లాడేవాళ్లు తక్కువ. నెమ్మదస్తుడు ముక్కోపి అవుతాడు. లెక్కలు చూసే గుమస్తా చిల్లర లెక్కపెట్టలేడు. బయటికి మచ్చ తప్ప ఏమీ కనబడదు కనుక "బాగైండు గదా, ఇంకేంది" అంటారు, పనిలోంచి తీసేస్తారు. కేంద్రం 2025 మేలో తెచ్చిన నగదు రహిత పథకం రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల పాటు, లక్షన్నర రూపాయల దాకా వర్తిస్తుంది. ప్రాణం నిలిపే వారానికి అది మేలే. మాటనూ నడకనూ జ్ఞాపకాన్నీ తిరిగి నేర్పే పనికి నెలలు, ఏళ్లు పడుతుంది. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, మానసిక చికిత్స కోసం ఆరోగ్యశ్రీ కింద తల గాయాలకు విడిగా ఏడాది ప్యాకేజీ ఉండాలి. ప్రతి డిశ్చార్జి కాగితంతో పాటు ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తిరిగి రావాలో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో తెలుగులో, ఉర్దూలో, హిందీలో పెద్ద అక్షరాలతో రాసి చేతికివ్వాలి.