తర్షీషుకు పిలుపు

మా చర్చిలో సేవకు రమ్మని దేవుని పిలుపు అందుకున్న కుర్రకారు వివరాలన్నీ పదేళ్లుగా ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. రాయమని ఎవరూ అడగలేదు. నాకే ఆ భారం, అంటే చేయాలన్న తపన, కలిగింది. ఇంతకాలం పరిశీలించాక తేలిందేమిటంటే, విశాఖపట్నం పిల్లల్ని దేవుడు ఎక్కువగా డాలస్‌కు పిలుస్తున్నాడు. ఆ తర్వాతి స్థానం మెల్‌బోర్న్‌ది. టొరంటో పిలుపు కూడా వస్తుంది గానీ, అక్కడ చలి జాస్తి అని తెలియగానే ఇంకో మూడు రోజులు ఉపవాసం ఉండి మళ్లీ అడుగుతున్నారు. పాడేరుకు పిలుపు వచ్చినవాడు మాత్రం నా నోట్‌బుక్‌లో ఒక్కడూ లేడు. ఘాట్ రోడ్డులో సిగ్నల్ సరిగ్గా ఉండదు కదా, అందలేదేమో.

ఇది వెటకారం అనుకోవద్దు. మా విశ్వాసుల ఇళ్లలో పిలుపంటే చాలా పెద్ద విషయం. "అబ్బాయి ఏం చేస్తున్నాడండీ?" అని అడిగితే, "దేవుని చిత్తం కోసం కనిపెడుతున్నాడండీ" అంటారు. కనిపెట్టడమంటే ఎదురుచూడటం. బీటెక్ పూర్తయి మూడేళ్లయిందని మనం అర్థం చేసుకోవాలి. బయటివాళ్ల ఇళ్లలో అలాంటి కుర్రాణ్ణి ఏమంటారో మీకు తెలుసు. మా దగ్గర భాష మర్యాదగా ఉంటుంది.

నా మేనల్లుడి సంగతే చెబుతాను. మా అక్కావాళ్లది ఎం.వి.పి. కాలనీలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. బైబిల్లో చిన్న సమూయేలును దేవుడు రాత్రిపూట పేరు పెట్టి పిలిస్తే, ముసలాయన ఏలీ పిలుస్తున్నాడనుకుని ఆ పిల్లాడు మూడుసార్లు లేచి పరుగెత్తాడు. సండే స్కూల్లో దేవుడు పిలవడం గురించే చెబుతారు గానీ, పెద్దాయన పిలిచాడనుకుని నిద్రలోంచి మూడుసార్లు లేచిన పిల్లాడి కాళ్ల గురించి చెప్పరు. మా అక్క ఇంట్లో కథ తిరగబడింది. "ఒరేయ్, గ్యాస్ బండ వచ్చింది, పైకి తేరా" అని ఆవిడ మూడుసార్లు కేకేస్తుంది. వాడు చెవులు మూసుకుని దేవుని మెల్లని స్వరం కోసం కనిపెడుతుంటాడు. నాలుగోసారికి గ్యాస్ అబ్బాయే బండ మోసుకొచ్చి అదనంగా యాభై రూపాయలు పుచ్చుకుని పోతాడు.

ఇలా లాభం లేదని వాణ్ణి భీమిలి రోడ్డులో జరిగిన ఒక రిట్రీట్‌కు పంపాం. మూడు రోజులు, భోజనం వాళ్లదే, ముందు కట్టినవాళ్లకు డిస్కౌంట్. మీ జీవితం పట్ల దేవుని ఉద్దేశం ఏమిటో కనుక్కునే కార్యక్రమం అది. ఒక ప్రశ్నపత్రం ఇచ్చారట. టిక్కులు పెడితే చివర్లో మీ కృపావరం, అంటే దేవుడు మీకిచ్చిన వరం, ఏమిటో తేలుతుంది. మావాడికి నాయకత్వం వచ్చింది. పక్కవాడికీ నాయకత్వమే. ఆ ముందు వరుసలో ఉన్న అమ్మాయికి నాయకత్వమూ ప్రవచనమూ రెండూ వచ్చాయి. ఆ హాల్లో కూర్చున్నవాళ్లంతా నాయకులై లేచారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర వడ్డించడానికి మాత్రం క్యాటరింగ్ కుర్రాళ్లే మిగిలారు. వాళ్లు ప్రశ్నపత్రం నింపలేదు.

రిట్రీట్ నుంచి వచ్చాక మావాడికి డాలస్ భారం మొదలైంది. అక్కడ ఎమ్మెస్ చేస్తూ సేవ చేయాలట. కానీ ఖాయం చేసుకోవాలి కదా, గిద్యోనులా గుర్తు అడుగుతానన్నాడు. గిద్యోను కళ్లంలో గొర్రెబొచ్చు పరిచి, మంచు దాని మీదే కురిసి నేలంతా పొడిగా ఉండాలని అడిగాడు. అలాగే జరిగింది. మర్నాడు బొచ్చు పొడిగా, నేల తడిగా ఉండాలన్నాడు. అదీ జరిగింది. మావాడి దగ్గర గొర్రెబొచ్చు లేక డాబా మీద తుండుగుడ్డ పరిచాడు. విశాఖలో ఆరుబయట రాత్రంతా వదిలేసిన గుడ్డ పొద్దున్నకు పొడిగా ఉండటం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. సముద్రం నుంచి అంత చెమ్మగాలి కొడుతుంది. పొద్దున్నే తుండు తడిసింది. డాబా తడిసింది. దండేనికున్న క్లిప్పులు తడిశాయి. పక్కింటివాళ్ల వడియాలు తడిశాయి. మావాడు ఏడుస్తూ కిందికి దిగి, "మామయ్యా, కన్ఫర్మ్" అన్నాడు.

"మరి రెండో రాత్రి?" అన్నాను. "తుండు పొడిగా ఉండాలని అడగాలి కదరా."

"దేవుణ్ణి అస్తమానం శోధించకూడదు మామయ్యా" అన్నాడు. వాడికి లేఖనం బాగా వచ్చు.

హైదరాబాద్ కాన్సులేట్‌లో మొదటిసారి వీసా తిప్పికొట్టారు. మా అక్క, "దేవుడు తలుపు మూశాడేమోరా" అంది. "కాదమ్మా, సాతాను అడ్డుపడ్డాడు" అన్నాడు వాడు. రెండోసారి ఇచ్చారు. అప్పుడు దేవుడు తలుపు తెరిచాడు. ఈ లెక్క నాకు కొంచెం అర్థం కాక, కౌంటర్ లోపల కూర్చున్నది మొదటిసారి ఎవరో, రెండోసారి ఎవరో కనుక్కుందామనుకున్నాను. సెక్యూరిటీవాళ్లు ఒప్పుకోరన్నారు.

ఇక్కడ యోనా ప్రవక్త గురించి ఒక మాట చెప్పక తప్పదు. పోర్టు ఉన్న ఊళ్లో ఉంటూ యోనాను మరిచిపోతే బాగుండదు. దేవుడు ఆయన్ని నీనెవెకు వెళ్లమన్నాడు. ఆయన యొప్పే రేవుకు పోయి, చెప్పిన చోటికి కాకుండా తర్షీషుకు వెళ్లే ఓడ కనుక్కుని, సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని, అడుగు అరలోకి దిగి నిద్రపోయాడు. అవిధేయుడని మా ప్రసంగీకులు ఆయన్ని రెండున్నర వేల ఏళ్ల తర్వాత కూడా దుమ్మెత్తి పోస్తున్నారు. నాకు మాత్రం ఆయన మీద ఈమధ్య గౌరవం పెరుగుతోంది. ఆ మనిషి పారిపోయాడు, ఆ పారిపోతున్న సంగతిని ఓడవాళ్లకు కూడా దాచకుండా చెప్పాడు. తర్షీషు నుంచి నాకు పిలుపు వచ్చిందని అనలేదు. బయల్దేరే ముందు చర్చిలో సాక్ష్యం చెప్పలేదు. "నా ప్రయాణ అవసరతల కోసం ప్రార్థించండి" అని కవరు తిప్పలేదు. మా కాలంలో పుట్టి ఉంటే, తనను మింగిన ఆ పెద్ద చేపకు ఇంత అమాయకంగా దొరికిపోయేవాడు కాదు.

ఇంకా న్యాయంగా చెప్పాలంటే, మన ఊరికి పిలుపు వచ్చి నిజంగానే దిగినవాళ్లూ ఉన్నారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిస్తే జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అనే ఇద్దరు ఇక్కడికొచ్చారు. బడి పెట్టారు, తెలుగు నేర్చుకున్నారు, క్రైస్తవం పుచ్చుకున్న ఆనందరాయరు అనే బ్రాహ్మణుడి సాయంతో సువార్తల్ని తెలుగు చేయడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో పోయాడు, డి గ్రాంజెస్ 1810లో పోయాడు. 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపురంలో ఆ పుస్తకం అచ్చయ్యేసరికి చూసుకోవడానికి ఇద్దరూ లేరు. ఫ్యాన్లు లేని కాలంలో మన మే నెలలో కూర్చుని, అరసున్నాకూ బండి-రకూ తేడా నేర్చుకోవడం ఎవరికైనా కలలో వచ్చే దర్శనం కాదు. పిలుపులు విశాఖ నుంచి బయటికే పోతాయన్న నా సిద్ధాంతానికి వీళ్లిద్దరూ అడ్డం వస్తున్నారు కాబట్టి, నోట్‌బుక్‌లో వేరే పేజీలో రాసి ఆ పేజీ మడత పెట్టాను.

మరి నీ సంగతేమిటి అంటారా? నాకూ పిలుపు వచ్చింది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను రోజు. కంచరపాలెంలో మా ఇంటి మీది రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే మంచం కింద దూరి, "ప్రభువా, ఈ ఒక్కసారి బతికించు, ఉద్యోగం మానేసి సంపూర్ణ సేవకు వచ్చేస్తాను" అని ప్రమాణం చేశాను. మా ఆవిడ సాక్షి. ఆవిడ అదే మంచానికి రెండో వైపు ఉంది.

ఈ విషయంలో నాకూ, ప్రొటెస్టంట్ సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్‌కూ పోలిక ఉంది. కొడుకు లాయరు కావాలని వాళ్ల నాన్న పట్టుబట్టి చదివిస్తుంటే, 1505 జులై 2న దారిలో పిడుగు పడింది. భయపడి, సన్యాసినవుతానని మొక్కుకున్నాడు. రెండు వారాలకల్లా నిజంగానే మఠంలో చేరాడు, వాళ్ల నాన్న మండిపడ్డాడు. పోలిక మొక్కు వరకే. మాకు కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది. అన్నాళ్లూ పాల ప్యాకెట్ కోసం క్యూలో నిలబడి కూడా నా నిర్ణయం సడలలేదు. కరెంటు వచ్చింది, మోటార్ వేశాం, ట్యాంకు నిండింది. స్నానం చేసి ఫ్యాను కింద కూర్చున్నాక చూసుకుంటే భారం కనిపించలేదు. ఆ మొక్కు సంగతి మా ఆవిడ ఏటా అక్టోబర్‌లో గుర్తు చేస్తుంది. నేను వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకుని జవాబిస్తాను.

ఆ లూథరే తర్వాత మాట మార్చాడు. పిలుపు మఠాల్లో ఉన్నవాళ్లకే కాదు, చెప్పులు కుట్టేవాడికీ, పాలు పితికే పిల్లకూ ఉంటుందన్నాడు. పిలుపుకు ఆయన వాడిన జర్మన్ మాటకు ఇవాళ ఆ భాషలో ఉద్యోగమనే అర్థం. ఈ బోధ మా ప్రాంతంలో అంతగా పాకలేదు. మా చర్చిలో గాజువాక నుంచి వచ్చే వెల్డర్ ఒకాయన ఉన్నాడు. గేటు ఆయన చేసిందే, మెట్ల కటకటాలు ఆయనవే, మైకు స్టాండు విరిగితే అతికిందీ ఆయనే. మీరు నిర్గమకాండం తీస్తే, దేవుడు మోషేతో బెసలేలు అనే మనిషిని తండ్రి పేరుతో, తాత పేరుతో, గోత్రంతో సహా చెప్పి, వాణ్ణి నేను పిలిచాను, నా ఆత్మతో నింపాను అంటాడు. ఎందుకు నింపాడయ్యా అంటే, బంగారం, వెండి, ఇత్తడి పని చేయడానికి, రాళ్లు చెక్కడానికి, కర్ర కోయడానికి. ఆ అధ్యాయం మీద ప్రసంగం నేను విన్నది తక్కువ. అందులో మైకు ప్రస్తావన లేదు.

ఒకసారి పిలుపు ఆదివారం పెట్టి అందరి చేతా సాక్ష్యాలు చెప్పించారు. వెల్డర్ గారి వంతు వస్తే స్టాండు దగ్గరికెళ్లి, ఊగుతోందని వంగి నట్టు బిగించి, "ఇప్పుడు ఊగదండి" అని వచ్చి కూర్చున్నాడు. సాక్ష్యం చెప్పలేదని పాస్టర్ అయ్యగారు కాస్త నొచ్చుకున్నారు. ఆ తర్వాత మావాడు ఆ స్టాండు పట్టుకుని నలభై నిమిషాలు డాలస్ గురించి చెప్పాడు. ఊగలేదు.

అసలు చిక్కంతా వాగ్దానం కార్డులతో వచ్చిందని నా అభిప్రాయం. డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక బిస్కెట్ డబ్బా తిప్పుతారు. అందులో చేయి పెట్టి ఒక కార్డు తీసుకుంటే అదే మీ కొత్త సంవత్సరపు వాగ్దానం. వెనక మంచుకొండల బొమ్మో, గులాబీల బొమ్మో ఉంటుంది. అందరూ కోరుకునేది యిర్మీయా 29వ అధ్యాయం, 11వ వచనం. మీ గురించి నా ఆలోచనలు మేలుకే గాని కీడుకు కావు అన్న మాట. మా అక్కావాళ్ల హాల్లో గడియారం కింద అదే ఫ్రేము ఉంది. దాని పై వచనంలోనే, బబులోను చెరలో 70 ఏళ్లు గడిచాక అని ఉంది. ఇంకాస్త పైన, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న ఊరి బాగు కోసం ప్రార్థించండి అనీ ఉంది. ఫ్రేములో అంత చోటు ఉండదనుకోండి. మనసుకు పట్టని కార్డు వస్తే మాత్రం, చేయి జారిందనో, రెండు కార్డులు అంటుకున్నాయనో, చాలామంది మళ్లీ తీస్తారు.

సంస్కరణ ఎక్కడో ఒకచోట మొదలుకావాలి కదా. పోయినసారి డబ్బా సర్దే పని నాకు అప్పగించారు. పాత క్యాలెండర్ అట్టను చక్కగా కత్తిరించి, నా చేత్తో ఓ డజను కార్డులు రాసి అందులో కలిపాను. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అన్నది ఒకటి. వచ్చేటప్పుడు నా అంగీ, పుస్తకాలు పట్టుకురా అని పౌలు తిమోతికి చెప్పింది ఒకటి. యెహోవా ఆజ్ఞాపిస్తే చేప యోనాను ఒడ్డున కక్కేసింది అన్నది ఒకటి. ఎవరికి పోతుందోనని గుండె దడదడలాడుతూ లైన్లో నిలబడ్డాను.

చేప కార్డు జాలారిపేట నుంచి వచ్చే మామ్మకు పోయింది. ప్రతి ఆదివారం అందరికంటే ముందొచ్చి చాపలు దులిపి పరిచేది ఆవిడే. చదువు రాదు. కార్డు నా చేతిలో పెట్టి, "ఏటి రాసుంది బాబూ?" అంది.

"దేవుడు చెబితే, చేప యోనాను ఒడ్డున కక్కేసిందట మామ్మా" అన్నాను. మార్చి ఇస్తానని కూడా అన్నాను.

"వొద్దు బాబూ. సేపైనా మాట ఇన్నాది" అని కార్డు కళ్లకద్దుకుని కొంగున ముడేసుకుంది.

తర్వాత నా వంతు. బయట బిర్యానీ డేక్సా మూత తీశారు, వాసన లోపలి దాకా వస్తోంది. కళ్లు మూసుకుని ఒక కార్డు లాగాను. క్యాలెండర్ అట్ట. నా దస్తూరీయే. పని చేయడానికి ఇష్టపడనివాడు భోజనం చేయకూడదు.

రెండు అంటుకున్నట్టున్నాయి అని పక్కనున్న అయ్యగారితో చెప్పి, మళ్లీ డబ్బాలో చేయి పెట్టాను.