మా బావ ఇంటి నెట్టుకి చదరంగం వచ్చు

కృత్రిమ మేధ కోసం కంపెనీలు కోట్లు తగలేస్తున్నాయట. దండగ. బెంగళూరులో మా అక్కావాళ్ళ హాల్లో, చెప్పుల స్టాండు మీద, దుమ్ము కొట్టుకుపోయిన రౌటర్ ఒకటుంది. ఎవరూ నేర్పకుండానే దానికి చదరంగం వచ్చేసింది. మా బావ ఒక బంటు ఎక్కువలో ఉంటే దాని పచ్చదీపం ధ్రువనక్షత్రంలా వెలుగుతుంది. శకటు పోతే మినుకు మినుకుమంటుంది. మంత్రి పడిందా, నెట్టు పడిపోతుంది.

ప్రతి ఆదివారం పొద్దున, నేను చెన్నై కోడంబాక్కంలోనూ ఆయన బెంగళూరులోనూ కూర్చుని నెట్టులో పది నిమిషాల ఆటలు ఆడుకుంటాం. గెలిచే ఆటలో ఆయన నెట్టు పోయిన పాపాన పోలేదు. వాన పడనీ, వీధి తవ్వనీ, కరెంటు పోనీ, గెలుస్తున్నంతసేపూ బావ చెక్కుచెదరడు. ఓడే ఆటలో మాత్రం ఎండ కాసినా చాలు, తెరమీద చక్రం తిరగడం మొదలు. ఐదు నిమిషాలకి ఫోను. "ఏంట్రా, నెట్టు పోయింది. ఆ ఆట లెక్కలోకి రాదు. కొత్తది పెట్టు."

మరి నా నెట్టు పోయినప్పుడో? అప్పుడు బావ ధర్మరాజు. అవతలివాడు కాసేపు కనిపించకపోతే సైటు ఒక బటన్ చూపిస్తుంది: గెలుపు తీసుకుంటారా, డ్రా ఇస్తారా, ఇంకాస్త ఆగుతారా అని. మనిషి బుద్ధిని పరీక్షించడానికి యక్షప్రశ్నల తర్వాత ఇంత మంచి ప్రశ్న ఎవరూ వేయలేదు. బటన్ తెరమీద పూర్తిగా రాకముందే బావ వేలు దానిమీద ఉంటుంది. "రూలు రూలేరా," అంటాడు.

గడియారం గోల ఈనాటిది కాదు. 1851లో లండన్‌లో పెద్ద టోర్నీ పెట్టినప్పుడు అసలు గడియారమే లేదు. ఎదుటివాడు ఆలోచిస్తున్నాడో కునుకు తీస్తున్నాడో తేల్చుకోవడం మన ఖర్మ. తర్వాత ఇసుక గడియారాలు వచ్చాయి. 1883లో అదే లండన్‌లో జంట గడియారం పెట్టారు, ఒకటి నడిస్తే రెండోది ఆగేలా. వందేళ్ళు పోయాక ఒకప్పటి ప్రపంచ చాంపియన్ బాబీ ఫిషర్ ఎత్తెత్తుకీ కొన్ని సెకన్లు తిరిగి కలిపే గడియారానికి పేటెంటు తీసుకున్నాడు. ఇంతమంది ఇంతకాలం బుర్ర బద్దలుకొట్టుకున్నది ఇద్దరికీ కాలం ఒకేలా నడవాలనే. ఇంటర్నెట్ వచ్చి మమ్మల్ని జాగ్రత్తగా చెయ్యిపట్టుకుని మళ్ళీ 1851లో దింపింది.

ఎందుకంటే తెరమీద మనం చూసే గడియారం ఉత్త బొమ్మ. అసలుది ఎక్కడో సర్వర్లో ఉంటుంది. మన ఎత్తు అక్కడికి చేరేదాకా కరిగేది మన సమయమే. దారిఖర్చుల కింద కొంత తిరిగిచ్చే ఏర్పాటు కొన్ని సైట్లలో ఉందిలెండి, పెళ్ళిలో ఆఖరి బంతికి మిగిలిన బూరెలంత. ఇక మా వీధిని ఏడాదికి మూడుసార్లు ఎవరో ఒకరు తవ్వుతారు. కేబుల్ కుర్రాడికి ఫోన్ చేస్తే "పత్తు నిమిషం సార్" అంటాడు. తమిళంలో పత్తు అంటే పది. ఆ పది నిమిషాల్లో తెల్లారిన రోజులున్నాయి.

ఈ సంక్రాంతికి అందరం మా ఇంట్లో కలిశాం. బావ పండగకి రెండు రోజులు ఆలస్యంగా బయల్దేరాడు గనక, ఆ ముందు ఆదివారం ఆట కూడా నెట్టులోనే ఆడాం. ఆయన మంత్రి పడగానే నెట్టు పోయింది, ఆ తగువు ఇంకా ఆరలేదు. పంచాయతీ పెట్టాల్సిందేనన్నాను. రైలుపెట్టెలు చేసే ఐసీఎఫ్ ఫ్యాక్టరీలో రిటైరైన మా పెదనాన్న పెద్దమనిషి. ముప్పయ్యేళ్ళు సైరన్‌కి లేచి సైరన్‌కి కూర్చున్న మనిషి, కాలం విషయంలో ఆయన్ని మించిన అధికారి ఎవరు?

మొదటి సాక్షి మా ఆవిడ. "రెండో విజిల్‌కి ఈయన 'పడింది మంత్రి' అని అరిచారు. మూడో విజిల్‌కి 'పోయాడు బావ' అని అరిచారు."

పెదనాన్న కళ్ళజోడు సర్దుకున్నాడు. "కుక్కర్లో ఏముంది? కందిపప్పా, పెసరపప్పా?"

"కందిపప్పు, మావయ్యగారూ. మామిడికాయ వేశాను."

"పులుపు వేస్తే పప్పు ఆలస్యంగా ఉడుకుతుంది. విజిల్‌కి విజిల్‌కి మధ్య ఎంతుంటుంది?"

బావ అడ్డు తగిలాడు. ఉడకడానికీ విజిల్‌కీ సంబంధం లేదని, పైగా ఆ కుక్కరు గాస్కెట్టు పాతదని, కిందటి దసరాకే ఆవిరి పక్కనుంచి పోవడం తను కళ్ళారా చూశానని, అలాంటి కుక్కరు సాక్ష్యం చెల్లదని వాదించాడు. కుక్కరును హాజరుపరచమన్నారు. మా ఆవిడ తెచ్చి చాప మీద పెట్టింది. గాస్కెట్టు చేతులు మారింది. మా చిన్నాన్న దాన్ని సాగదీసి, వాసన చూసి, "ఇంకో ఆర్నెల్లు వస్తుంది" అని అభిప్రాయపడ్డాడు. ఇడ్లీ పాత్రకీ దీనికీ ఒకే గాస్కెట్టు సరిపోతుందా అన్న ఉపచర్చ పావుగంట నడిచింది.

అప్పుడు అక్క వంటింట్లోంచే ఒక్క మాట వదిలింది. "ఆ టైముకి నేను అదే వైఫై మీద సీరియల్ చూస్తున్నా. ఎక్కడా ఆగలేదే!"

సభ నిశ్శబ్దం. బావ గాస్కెట్టును చూస్తూ ఉండిపోయాడు.

సాక్ష్యం ఇంత స్పష్టంగా ఉన్నా పెదనాన్న ఇచ్చిన తీర్పేంటో తెలుసా? "పండగపూట ఎందుకర్రా. చెరి సగం."

ఇది పెదనాన్న సొంత తెలివి కాదు. 2020 ఆగస్టు 30న, దేశాల జట్లు ఆడే ఆన్‌లైన్ చదరంగ ఒలింపియాడ్ ఫైనల్లో మనకీ రష్యాకీ ఇలాగే జరిగింది. ప్రపంచమంతటా నెట్టు దెబ్బతిన్న రోజది. మన జట్టులో నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్ కనెక్షన్లు పోయి టైము మీద ఓడిపోయారు. మనవాళ్ళు అప్పీలు చేశారు. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే అధ్యక్షుడు రెండు జట్లకీ బంగారం పంచేశాడు. మంచి పనే. మనమంతా గుండెలు ఉప్పొంగించుకున్నాం. రెండు రోజుల ముందు క్వార్టర్ ఫైనల్లో ఇదే నిహాల్ మీద ఆడుతూ ఆర్మేనియా కుర్రాడి కనెక్షన్ పోయిన సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు. వాళ్ళూ అప్పీలు చేశారు. కొట్టేశారు. వాళ్ళు టోర్నీ వదిలేసి వెళ్ళిపోయారు. అప్పుడు మనం ఏమన్నాం? రూలు రూలేరా అన్నాం. నూట నలభై కోట్లమందిమి మా బావలమే.

అయినా దేశాలకి అప్పీలు చేసుకునే దిక్కుంది. మా వీధి చివర ఇస్త్రీబండివాళ్ళ అబ్బాయి అబ్బులుకి ఏముంది? అది వాడి అసలు పేరు కాదు, నేను పెట్టుకున్న పేరు. నెల్లూరు పక్కనుంచి వచ్చిన కుటుంబం. కరోనా రోజుల్లో పిల్లల టోర్నీలన్నీ ఆన్‌లైన్ అయ్యాయి. వాడికి పదకొండేళ్ళు. ఎంట్రీ ఫీజు తండ్రి కట్టాడు. మోసం చేయకుండా రెండో ఫోను పక్కన పెట్టి కెమెరా చూపించాలన్నారు. ఇంటికి ఉన్నదే ఒక ఫోను, అదీ వాళ్ళమ్మది, మూల పగిలింది. రెండోది నాది ఇచ్చాను. మా వైఫై అందుతుందని మా మేడమెట్ల మీద కూర్చుని ఆడాడు.

ఏనుగు ఎక్కువలో ఉన్నాడు. రెండు నిమిషాలు చేతిలో ఉన్నాయి. వీధిలో ఎవరో తవ్వారు. నెట్టు తిరిగొచ్చేసరికి వాడి గడియారం సున్నా. నిర్వాహకులకి ఫోన్ చేస్తే ఒకటే మాట: "కనెక్షన్ బాధ్యత ఆటగాడిదే సార్."

ఏ ఆటగాడిదయ్యా? పదకొండేళ్ళవాడిదా? వాడు వెళ్ళి గుంతలో దిగి ఫైబరు అతకాలా? ఇంట్లో రెండు కనెక్షన్లు, ఇన్వర్టరు, ఏసీ గది ఉన్నవాడి బిడ్డకి మూడు నిమిషాలంటే మూడు నిమిషాలే. మెట్లమీద కూర్చున్నవాడికి మూడు నిమిషాలంటే నెట్టు ఉన్నంతసేపు. ఫీజు తీసుకునేటప్పుడు ఇద్దరి దగ్గరా ఒకటే తీసుకున్నారుగా! సిగ్గుండాలి. వాడు ఏడవలేదు. ఫోను నాకు తిరిగిచ్చి, "చార్జింగు బాగానే ఉంది అంకుల్" అన్నాడు. అర పాయింటు, అర పాయింటంటే అర పాయింటు కూడా ఎవరూ పంచలేదు వాడికి.

2022లో మహాబలిపురంలో అసలు ఒలింపియాడ్ జరిగింది. నేపియర్ వంతెన నిండా నల్లగళ్ళు, తెల్లగళ్ళు దిద్దారు. ఊరంతా వెళ్ళి ఫొటోలు దిగింది. అబ్బులూ దిగాడు, నా ఫోనులోనే. గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయిన రాత్రి మా బావ ఫోన్ చేసి, "చూశావా, మన తెలుగువాళ్ళబ్బాయిరా" అని అరగంట మాట్లాడాడు. ఆ అరగంటలో ఒక్కసారి కూడా నెట్టు పోలేదు.

ఇది రాస్తూనే ఆయనతో ఓ ఆట నడుపుతున్నాను. ఇప్పుడే నా గుర్రం ఆయన మంత్రిని కొట్టింది. చక్రం తిరుగుతోంది. మా ఆవిడ ఇంకా కుక్కరు పెట్టలేదు.