నిద్రపోయే చిప్పుకు జేజేలు

చిప్పుల కంపెనీలను ఆడిపోసుకోవడం ఈ మధ్య ఫ్యాషనైపోయింది. బల్బుకో చిప్పు, తాళానికో చిప్పు, కుక్క మెడపట్టీకో చిప్పు, ఇదంతా ఎవడడిగాడని నిలదీసేవాళ్లు ఎక్కువయ్యారు. వైర్‌లెస్ పరికరాలకు చిప్పులు చేసిపెట్టే ఆ మహానుభావుల తరఫున మాట్లాడే దిక్కు ఒక్కటైనా ఉండాలి కదా. ఆ భారం నేను నెత్తికెత్తుకుంటున్నాను.

ముందు వాళ్ల చిత్తశుద్ధి చూడండి. ఈ చిప్పు ప్రతిభంతా నిద్రలోనే ఉంది. పనిలేనప్పుడు ముడుచుకు పడుకునే ఆ నిద్రలో అది ఎంత తక్కువ కరెంటు తాగుతుందో డేటాషీట్ (చిప్పు గుణగణాలు రాసిన పత్రం) మొదటి పేజీలోనే గర్వంగా అచ్చేస్తారు. సీఆర్2032 అని బిళ్ల బ్యాటరీ ఉంటుంది, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. దాంట్లో ఉండే కరెంటు నిల్వ సుమారు 220 మిల్లీయాంప్ అవర్లు. దాంతోనే పదేళ్లు నడిపిస్తామని వాళ్ల మాట. పదేళ్లంటే 87,600 గంటలు. భాగించి చూస్తే, సగటున రెండున్నర మైక్రోయాంపులు (మైక్రో అంటే మిల్లీలో వెయ్యో వంతు) దాటితే పదేళ్ల మాట నిలవదు. రేడియో తెరిచి మాట్లాడాలంటేనేమో దానికి వెయ్యి రెట్లకు పైగా కావాలి. కాబట్టి చటుక్కున లేవడం, "నేనున్నాను" అనడం, మళ్లీ ముసుగు తన్నడం. కుంభకర్ణుడైనా లేచినప్పుడు కడుపారా తిన్నాడు, దీనికి ఆ భాగ్యం కూడా లేదు.

పోనీ మాట్లాడే చోటైనా ప్రశాంతంగా ఉందా అంటే అదీ లేదు. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్‌కు లైసెన్సు అక్కర్లేదు కాబట్టి వైఫై, బ్లూటూత్, ఇంట్లో పరికరాలను కలిపే జిగ్బీ, థ్రెడ్ అన్నీ అక్కడే చేరాయి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 దగ్గరే తిష్ఠ వేసింది. ఇంత గోలలోనూ "బ్లూటూత్ లో-ఎనర్జీ" అనే పొదుపు రకం బ్లూటూత్ ఆ జాగాను 40 ఛానళ్లుగా కోసుకుని, మూడింటిని తన ఉనికి చాటుకోవడానికి అట్టేపెట్టుకుని, మిగిలిన 37లో గెంతుతూ మాట తప్పిపోకుండా చూస్తుంది. ఇంజినీర్ల పనితనానికి నిజంగానే దండం పెట్టాలి, ఇందులో వెటకారం లేదు. వెటకారం కింది పేరాలో ఉంది.

ఇంతా చేసి, చేయి చాపితే అందే బల్బును వెలిగించడానికి ఆజ్ఞ ఫోన్ నుంచి రౌటర్‌కూ, అక్కడి నుంచి ఏ దేశంలోనో ఉన్న సర్వర్‌కూ వెళ్లి, అనుమతి పట్టుకుని వెనక్కి రావాలి. బల్బు మొండికేసిందా, రీసెట్ చేయాలి. ఎనిమిది సెకన్లు వెలిగించు, రెండు సెకన్లు ఆర్పు, మళ్లీ ఎనిమిది, మళ్లీ రెండు. ఇది నా కల్పన కాదు, పేరున్న తయారీదారు ఒకరు వీడియో తీసి మరీ నేర్పిన పద్ధతి. బల్బు లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) పాతదైతే సెకన్ల లెక్క వేరే! ఒక కంపెనీ పరికరం ఇంకో కంపెనీ దానితో మాట్లాడదన్న గొడవ తీర్చడానికి 2022 అక్టోబరులో మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. పాతవేవీ పోలేదు, జాబితాలో ఇంకోటి చేరిందంతే. చిప్పుల కంపెనీకి మాత్రం ఏ గొడవైనా లాభమే. అన్నిటితోనూ మాట్లాడే చిప్పు అమ్ముకుంటుంది.

ఇక అసలు అన్యాయం. మైక్రోయాంపులు లెక్కపెట్టి పదేళ్లు బతికించేవాడు ఒకడు, విసుగు పుట్టిన రోజున సర్వర్ కట్టేసేవాడు ఇంకొకడు. 2016 మేలో, ఇంట్లో స్మార్ట్ పరికరాలను కలిపే రివాల్వ్ హబ్ అనే పెట్టె సేవను, ఆ కంపెనీని కొనుక్కున్న నెస్ట్ ఆపేసింది, డబ్బు పెట్టి కొన్న పెట్టె పనికిరాకుండా పోయింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు చెప్పాపెట్టకుండా మూగబోయాయి. చిప్పులో లోపమేం లేదు, రేడియో భేషుగ్గా ఉంది. ఎదురు పలికేవాడే లేకుండా పోయాడు.

అందుకే నా విన్నపం: డేటాషీట్‌లో నిద్ర కరెంటు పక్కనే సర్వర్ ఆయుష్షు కూడా అచ్చేయండి. మరీ గొంతెమ్మ కోరికేం కాదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, భద్రతా అప్‌డేట్లు కనీసం ఎన్నాళ్లు ఇస్తారో తయారీదారు ముందే చెప్పాలన్న చట్టం అమల్లో ఉంది. ఇన్నేళ్లు ఇచ్చి తీరాలని మాత్రం చట్టం అనలేదు, చెప్పమంది అంతే. చాలదా? పరికరానికి దిక్కులేని రోజు ఎప్పుడొస్తుందో కొనేముందే తెలిసిపోతే, కొనేవాడికి ఇక టెన్షనేముంది.