మెదడులో కణితి ఉన్నవారి మాత్రలు మాన్పించే ఆ సందేశానికి జవాబు

"మెదడులో కణితా? కత్తి తగలనివ్వకండి" అనే వాట్సాప్ సందేశాన్ని బాగా చదువుకున్న మిత్రులే "ఎవరికైనా పనికొస్తుంది" అంటూ నాకు మళ్లీ మళ్లీ పంపుతున్నారు. అందులో ప్రాణం మీదికి తెచ్చే మాటలున్నాయి కాబట్టి జవాబు రాయక తప్పడం లేదు.

కణితికి సెల్‌ఫోనే కారణమన్నది మొదటి మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో రేడియో తరంగాలను క్యాన్సర్ కారకాలు కావచ్చునన్న జాబితాలో చేర్చిన మాట నిజమే. అయితే ఆ సంస్థే చేయించిన, 2024లో వెలువడిన సమీక్షలో ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదు. చక్కెర మానేస్తే కణితి ఎండిపోతుందన్న రెండో మాటకు ఆధారమే లేదు.

ముక్క తీసి పరీక్షిస్తే కణితి ఒళ్లంతా పాకుతుందన్నది మూడో మాట. మెదడులో పుట్టిన కణితి మెదడు దాటి వేరే అవయవాలకు పాకడం చాలా అరుదు. ఆపరేషన్‌తోనే చాలామందికి నయమయ్యే మెనింజియోమా ఏదో, వేగంగా పెరిగే గ్లియోబ్లాస్టోమా ఏదో ఆ ముక్కను చూడకుండా ఖాయంగా ఎవరు చెప్పగలరు? రేడియేషన్ ఇవ్వాలా, టెమోజోలమైడ్ అనే క్యాన్సర్ మందు మొదలుపెట్టాలా అన్నది ఆ రిపోర్టును బట్టే తేలుతుంది. రక్తస్రావం వంటి ప్రమాదాలు లేవని నేను అనను, వాటి గురించి సర్జన్‌ను నిలదీసి అడగవలసిందే.

అన్నిటికన్నా ఘోరమైనది నాలుగో మాట: "వాపు మాత్రలు, ఫిట్స్ మాత్రలు మెదడును కాల్చేస్తాయి, వెంటనే ఆపి ఆకు పసరు తాగించండి." వాపు మాత్రగా ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కణితి చుట్టూ చేరిన వాపును తగ్గిస్తుంది. దాన్ని వారాల తరబడి వాడినప్పుడు, శరీరం సహజంగా తయారుచేసుకోవలసిన స్టెరాయిడ్ తగ్గిపోతుంది కాబట్టి, డాక్టర్ చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించాలే తప్ప ఒక్కసారిగా ఆపకూడదు. మాకు తెలిసిన ఒక ఇంట్లో, ముఖం ఉబ్బిందని, షుగర్ పెరిగిందని భయపడి, ఈ సందేశాన్ని నమ్మి పేషెంటుకు ఆ మాత్ర ఆపేశారు. రెండు మూడు రోజుల్లోనే ఆయన వాంతులతో, పిలిచినా పలకని మగతలోకి వెళ్లారు. ఫిట్స్ మాత్రలు హఠాత్తుగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. అయిదు నిమిషాలు దాటినా ఫిట్ ఆగకపోతే అది ప్రాణాపాయం. అప్పుడు మనిషిని పక్కకు ఒత్తిగిలించి 108కి ఫోన్ చేయాలి గాని, నోట్లో ఏదీ పెట్టకూడదు, పోయకూడదు. అలాంటప్పుడు ఆకు పసరు ఎవరి గొంతులో పోయమంటారు? ఇది రాసిన పెద్దమనిషి ఆ రాత్రి వచ్చి పక్కన కూర్చుంటాడా?

"ఇంట్లోవాళ్లు ఏడిస్తే కణితి పెరుగుతుంది" అన్నది చివరి మాట. నుదుటి వెనుక భాగంలో కణితి ఉన్న మనిషి, ఎన్నడూ గట్టిగా మాట్లాడనివాడు, భార్య మీద కంచం విసరవచ్చు. అది ఆయన గుణం కాదు, జబ్బు. ఒక్కోసారి ఫిట్స్ మందు లెవెటిరాసెటమ్ వల్ల కూడా ఆ కోపం రావచ్చు కాబట్టి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ కంచం తీసి, అన్నం ఎత్తి, మళ్లీ కలిపి తినిపించే ఆమెను ఏడవనైనా ఏడవనివ్వకుండా, కణితి పెరగడానికి నీ కన్నీళ్లే కారణమని చెప్పడం ఎంత క్రూరత్వం!

అయినా ఆ సందేశంలో ఒక వాక్యాన్ని నేను ఒప్పుకుంటాను: "ఆసుపత్రిలో మీకు ఎవరూ ఏమీ విడమరచి చెప్పరు." చాలాచోట్ల అది నిజం. రిపోర్టు చేతిలో పెట్టి తర్వాతి పేషెంటును పిలుస్తారు, ఆ ఖాళీలోకే ఇలాంటి సందేశాలు దూరుతున్నాయి. అందుకే మాత్రల వేళలు, ఫిట్ ఎంతసేపు వచ్చింది, మాటలో, నడకలో వచ్చిన మార్పు ఒక నోటు పుస్తకంలో రాసుకుని వెళ్లండి. ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉన్నటువంటి పాలియేటివ్ (ఉపశమన చికిత్స) విభాగం ఆఖరి రోజులకే పరిమితం కాదు, చికిత్స నడుస్తుండగానే బాధ తగ్గించడానికీ, ఇంటివారితో మాట్లాడడానికీ కూడా అది ఉంది.

ఈ సందేశాన్ని ఇప్పటికే ఎవరికైనా పంపి ఉంటే, ఈ రోజే వాళ్లకు ఫోన్ చేసి మాత్రలు ఆపారేమో కనుక్కోండి. ఆపి ఉంటే వెంటనే వాళ్ల డాక్టరుతో మాట్లాడించండి.