ప్రకృతే గురువు, ఏసీ గదే గురుకులం

ప్రకృతిగారికి శిష్యులు మరీ ఎక్కువైపోయారు. ఏ గ్యాలరీలో అడుగుపెట్టినా గోడ మీద చిత్రకారుడి పరిచయం అంటించి ఉంటుంది. మొదటి వాక్యం చదవకుండానే చెప్పేయొచ్చు: "ప్రకృతే నా తొలి గురువు." రెండో వాక్యంలో చిన్నప్పటి నది ఒకటి ప్రవహిస్తుంది. మూడో వాక్యంలో 'అంతరంగ భూదృశ్యం' వస్తుంది. నాలుగోది ఎవరికీ అర్థం కాదు కాబట్టి అది ప్రదర్శన కూర్చే క్యూరేటర్ రాసిందని గ్రహించాలి. ఇంతమంది శిష్యుల్లో ఒక్కడి హాజరైనా పడిందా అని అడగబోతే, గురువుగారికి రిజిస్టర్ పెట్టే అలవాటు లేదు. శిష్యులకు కలిసొచ్చింది అదే.

ఆకారాలు పోల్చుకోలేని నైరూప్య ల్యాండ్‌స్కేప్ చిత్రకారుడి కెరీర్ ఎలా సాగుతుందో మీకు తెలియంది కాదు. మొదట్లో ఆయన చెట్టు వేస్తే చెట్టులా ఉండాలని చూశాడు. కుదర్లేదు. ఆ కుదరకపోవడానికి 'రూపం నుంచి విముక్తి' అని పేరు పెట్టారు. తర్వాత కాన్వాస్ మధ్యలో అడ్డంగా ఒక గీత వచ్చింది. పైనున్నది ఆకాశం, కిందున్నది నేల. అంతవరకు చూసేవాడికి కూడా పేచీ లేదు. కొన్నేళ్లకు ఆ గీత కూడా పోయింది. దీన్నే పరిణతి అంటారు. ధర మాత్రం ఇప్పటికీ చదరపు అంగుళాల లెక్కే. విముక్తి టేపు కొలతల దాకా రాలేదన్నమాట.

గీత తీసేయడం నేరమని నేననను. డచ్ చిత్రకారుడు మోంద్రియాన్ కూడా తీశాడు. 1908 నుంచి 1912 దాకా ఆయన వేసిన చెట్ల బొమ్మలు వరసగా చూడండి. కొమ్మలు వంపులయ్యాయి, వంపులు గీతలయ్యాయి, చివరికి చెట్టే మాయమైంది. మాయం కావడానికి ముందు అక్కడ ఒక చెట్టు ఉంది, అంతే తేడా. అమెరికన్ చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెన్‌థేలర్ 1952 అక్టోబర్‌లో కాన్వాస్‌ను నేల మీద పరిచి, పల్చన చేసిన రంగులు పోసి, 'మౌంటెన్స్ అండ్ సీ'ని ఒక్కరోజులో పూర్తి చేసింది. ఆ 'ఒక్కరోజు' మనవాళ్లకు కంఠతా వచ్చు. అంతకుముందు వేసవిలో ఆవిడ నోవా స్కోషియా తీరానికి వెళ్లి, కొండల్నీ నీళ్లనీ వాటర్‌కలర్లలో వేసుకుంటూ గడిపిందన్న సంగతి మాత్రం నోరు తిరగదు. మన దేశపు చిత్రకారుడు రామ్‌కుమార్ 1960లో వారణాసి వెళ్లాడు. ఆ తర్వాత ఆయన బొమ్మల్లోంచి మనుషులు వెళ్లిపోయారు. వెళ్లి చూడటం అనే పని ఒకటి ముందు జరిగింది.

మనవాడి విషయంలో జరిగేది ప్రారంభోత్సవం. సిరీస్ పేరు 'వర్షాంతరంగం'. కిటికీ బయట నిక్షేపంలాంటి చెట్టొకటి ఉంటుంది గానీ, దాని నీడ బొమ్మల మీద పడుతోందని బ్లైండ్స్ దించేస్తారు. చిత్రకారుడు మైకు అందుకుని, "నేను వానను గీయను, వానే నన్ను గీస్తుంది" అంటాడు. చప్పట్లు. సరిగ్గా అప్పుడే నిజం వాన మొదలవుతుంది. గాలికి కిటికీ రెక్క టపామని తెరుచుకుంటుంది. గురువుగారు స్వయంగా శిష్యుడి ప్రదర్శనకు విచ్చేశారు! శిష్యుడు మైకులోనే కేకేస్తాడు: "ముందా కిటికీ వేయండయ్యా, కాన్వాసులు తడుస్తాయి!" ఇద్దరు మనుషులు గురువుగారిని బయటికి నెట్టి గొళ్లెం పెడతారు. ముఖ్య అతిథి ట్రాఫిక్‌లో చిక్కుకున్నారని ఫోనొస్తుంది. "ఛ, ఇవాళే రావాలా ఈ దిక్కుమాలిన వాన" అని వర్షాంతరంగమంతా విసుక్కుంటుంది.

ఈ గొడవలో లోపలికొచ్చిన పురుగొకటి ఏడో నంబరు బొమ్మ మీద వాలుతుంది. విమర్శకుడు కళ్లజోడు సవరించుకుని, "ఈ టెక్స్చర్‌లో ఏదో జీవం ఉంది" అంటాడు. టెక్స్చర్ రెండంగుళాలు నడుస్తుంది. "చలనం కూడా" అని నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. చిత్రకారుడు క్యాటలాగ్ చుట్టచుట్టి ఒక్కటేస్తాడు. గోధుమరంగు మరక పడుతుంది. బొమ్మ ఆ మరకతోనే అమ్ముడుపోతుంది. ఆ హాలు మొత్తంలో ప్రకృతి చెయ్యి పడింది ఆ ఒక్కచోటే.

వాన మాట వచ్చింది కాబట్టి ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ సంగతి. సాంత్-విక్త్వార్ అనే ఒకే ఒక్క కొండను ఆయన డజన్లసార్లు వేశాడు. 1906 అక్టోబర్‌లో, 67 ఏళ్ల వయసులో, ఒంట్లో షుగర్ జబ్బు పెట్టుకుని, ఆరుబయట బొమ్మ వేస్తుండగా తుఫాను వాన పట్టుకుంది. తడుస్తూనే వేశాడు. తిరిగొస్తూ దారిలో పడిపోతే బట్టలు మోసే బండిలో ఇంటికి చేర్చారు. మర్నాడు లేచి మళ్లీ తోటలోకి వెళ్లి బొమ్మ ముందు నిలబడ్డాడు. కొద్దిరోజులకే పోయాడు. ఆయన గోడ మీద పరిచయం అంటించుకోలేదు.

సెజాన్‌లా చచ్చిపొమ్మని ఎవరూ అడగడం లేదు. కానీ ఇవాళ కూడా పొద్దున్నే లేచి, ఈజిల్ భుజాన వేసుకుని, ఎండలో గట్టు మీద నిలబడే పిల్లలున్నారు. వెలుతురు మారేలోపు రంగు కలపలేక ఏడుస్తారు, మర్నాడు మళ్లీ వెళ్తారు. వాళ్ల గీత ఎప్పుడు కరగాలో ఆ గట్టే చెబుతుంది. అలాంటి పిల్ల ఒకతి గ్రాంటుకు దరఖాస్తు పెట్టుకుంటే, 'ప్రకృతితో మీ అనుబంధాన్ని వివరించండి' అన్నచోట "రోజూ వెళ్లి చూస్తాను, చూసింది వేస్తాను" అని రాస్తుంది. 'భావనాపరమైన స్పష్టత లేదు' అని తిప్పి పంపుతారు! ఏం స్పష్టత కావాలి మీకు? ఆ అమ్మాయి చేతికి అంటిన రంగు కడిగినా పోదు. మీరు అడుగుతున్నది వ్యాసం. రాయగలిగినవాడికి డబ్బిస్తారు, చూడగలిగినదాన్ని ఇంటికి పంపుతారు, ఆనక కొత్త తరంలో దమ్ములేదని సెమినార్లు పెడతారు. సిగ్గుండాలి. ఆ దరఖాస్తులో మూడో పేజీ తిప్పారా అసలు? బొమ్మలు అక్కడున్నాయి.