బొంతో, చక్కెరకేళో!

గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చిన కొత్త మనిషిని ఊరూ పేరూ అడక్కుండానే భోజనానికి కూర్చోబెడతారు గానీ, పెరట్లో అరటి చెట్టుకి పేరు లేకపోతే మాత్రం ఊరుకోరు. మా రాజమండ్రి ఇంట్లో అలాంటి చెట్టొకటి ఏకంగా గెల వేసి నిలబడింది.

ఇదంతా మా బావమరిది చలవ. కోనసీమ నుంచి బండి మీద గోనెసంచిలో రెండు పిలకలు తెచ్చాడు. ఒకటి చక్కెరకేళి, రెండోది బొంత. చీటీలు రాసి దారంతో కట్టాడు కూడా, పాపం. రావులపాలెం దాటి గౌతమి వంతెన ఎక్కగానే వాన పట్టుకుంది. ఇల్లు చేరేసరికి చీటీల మీద అక్షరాల్లేవు, నీలం మరకలున్నాయి. సరే, రెండూ నాటాం. వారం తిరక్కుండా వీధిలో ఆవు గేటు తోసుకొచ్చి ఒకదాన్ని మొదలంటా మేసిపోయింది.

ఫోన్ చేస్తే, "ఏముంది బావా! ఆవు తిన్నది బొంతయితే మిగిలింది చక్కెరకేళి. తిన్నది చక్కెరకేళి అయితే మిగిలింది బొంత" అన్నాడు. వాడు లెక్కల మాస్టారు.

ఏదైతేనేం అనుకోవడానికి లేదు. బొంతయితే కాయ ముదరగానే పచ్చిగా కోసి వేపుడుకో బజ్జీలకో వాడెయ్యాలి. చక్కెరకేళి అయితే ముగ్గబెట్టి పండు తినాలి. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగి చూసి, "బొంతేనమ్మా, కాయల పలకలు చూడు" అని తేల్చేశారు. ఆవిడ ఆ సాయంత్రమే శనగపిండి తెప్పించుకున్నారని తర్వాత తెలిసింది. కార్తీకంలో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్న మా ఆవిడ కళ్ళకి అది చక్కెరకేళి తప్ప ఇంకోటి కాదు. మావాడు ఫోన్‌లో యాప్‌కి ఫొటో చూపిస్తే, "ఇది అరటి చెట్టు" అని ధీమాగా చెప్పింది.

అప్పుడే కొత్తపేట నుంచి మా మావగారు దిగారు. జీవితమంతా అరటి తోటల్లో తిరిగిన మనిషి. చెట్టు చుట్టూ ప్రదక్షిణ చేసి, బోదె మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, "నూటికి నూరుపాళ్ళూ బొంత" అన్నారు. ఆయనకి షుగరు. పండు ముట్టుకోకూడదని మా అత్తగారి శాసనం. పండైనా కాయైనా ఆయనకి ఒరిగేదేమీ లేదు కాబట్టి ఆయన మాట నిష్పక్షపాతమని అందరం నమ్మాం.

మావాడు ఒక్కడే నమ్మలేదు. బైపీసీ చదువుతున్నాడు. మనం తినే అరటి రకాల్లో చాలావరకు అక్యూమినేటా, బాల్బిసియానా అనే రెండు అడవి జాతుల సంతానమట. ఏ రకంలో ఏ జాతి పాలు ఎంతో లెక్క కట్టడానికి సిమ్మండ్స్, షెపర్డ్ అనే ఇద్దరు 1955లో ఓ పద్ధతి పెట్టారు. 15 గుర్తులు, ఒక్కో దానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 15 వస్తే అక్యూమినేటా, 75 వస్తే బాల్బిసియానా. బొంతకి మార్కులు ఎక్కువ, తెల్ల చక్కెరకేళికి తక్కువ. మార్కులు ఎక్కువొచ్చినవాడు కూరలోకి పోయే పరీక్ష నేనెక్కడా వినలేదు.

వాడు నోట్‌బుక్కు, స్కేలు పట్టుకుని దిగాడు. బోదె మీద మచ్చలు, ఆకు కాడ గాడి, గెల కాడ మీద నూగు అన్నీ చూశాడు. ఆపైన పువ్వు కోసం వెతికితే లేదు.

"నాన్నమ్మా, పువ్వేదీ?"

"పొద్దున్నే కోయించేశాగా. పువ్వు తీసేస్తేనే కాయ ఊరుతుంది. ఆవ పెట్టి కూర చేశాను, చెయ్యి కడుక్కునిరా."

ఆ 15 గుర్తుల్లో 10 పువ్వులోనే ఉన్నాయి. రేకుల ఆకారం, చుట్టుకునే తీరు, లోపలి రంగు, వెలుపలి రంగు... అంటే 75కి 50 మార్కులు పోపులో పడ్డాయి. వాడు ఆశ చావక చెత్తబుట్ట తిరగేశాడు. అరటిపువ్వు బాగుచేసేటప్పుడు ప్రతి పూతలోంచీ గుండు తలకాయున్న గట్టి పుల్లా, గాజులా మెరిసే చిన్న పొరా లాగి పారేస్తారు కదా, ఆ పుల్ల తల కీలాగ్రమట, ఆ పొర విడి రేకట. రెండింటికీ మార్కులున్నాయి. దొరికాయి కూడా. కాకపోతే అప్పటికే కాఫీ పొడిలో పొర్లి అన్నీ ఒకే రంగుకొచ్చాయి. మా అమ్మ మాత్రం, "కూర రుచి చూసి మార్కులెయ్యరా" అంది.

గోదావరి ఎదురొడ్డున కొవ్వూరులో పరిశోధన స్థానం ఉంది, అక్కడ అరటి మీద పరిశోధన చేస్తారు. బ్రిడ్జి దాటి ఓ ఆకు చూపిస్తే నిమిషంలో తేలిపోను. ఇంట్లో ఇంతమంది నిపుణులుండగా వెళ్ళడం వాళ్ళని అవమానించడమే అవుతుందని ఎవరూ కదల్లేదు.

చివరికి రాజీ కుదిరింది. పలకలు తిరిగి కాయ గుండ్రబడ్డాక గెల దించి, కింది అత్తాలు పిన్నిగారికి ఇచ్చాం. మిగతాది వరిగడ్డిలో పెట్టి గోనెపట్టా కప్పి కొట్టుగదిలో ఉంచాం. బజ్జీలు వచ్చాయి, బ్రహ్మాండంగా ఉన్నాయి. అయినా నూనెలో వేసి కారం, ఉల్లిపాయ జల్లితే ఏ అరటికాయైనా బొంతే.

నాలుగు రోజులకి గడ్డిలోంచి వాసన మొదలైంది. వాసనతోపాటు పళ్ళు తగ్గడం కూడా మొదలైంది. మా ఆవిడ ఎలుకలంది. తీరా చూస్తే బియ్యం డబ్బా వెనక దినపత్రికలో తొక్కలు, వెడల్పు పేజీలో పొందిగ్గా మడిచి ఉన్నాయి. రాజమండ్రి ఎలుకలు మరీ ఇంత పద్ధతిగలవని నేననుకోను.

"బొంత పండితే అంతేనమ్మా, ఎలుకలు ఎగబడతాయి" అన్నారు మావగారు తాపీగా. "తొక్క పల్చన, కాయ చిన్నది, చివర ముక్కు, తీపిలో కాస్త పులుపు తగుల్తుంది చూడు..."

"ఆ పులుపు సంగతి ఎలుక చెప్పిందా నాన్నా?" అంది మా ఆవిడ.

ఆయన గడియారం వైపు చూశారు. మావాడు మాత్రం ఎగిరి గంతేశాడు. "పల్చటి తొక్క, ముక్కు, పులుపు... తాతయ్యా, అది కర్పూర చక్కెరకేళి!" టార్చి పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాడు. ఆకు ఎత్తి చూపిస్తే, అడుగున నడిమి ఈనె పొడుగునా లేత గులాబీ రంగు. తమిళులు పూవన్ అనీ, మలయాళీలు పాళయంకోడన్ అనీ, బెంగాలీలు చంపా అనీ పిలిచే పండు ఇదేనని గబగబా చదివి వినిపించాడు.

"నే చెప్పలా చక్కెరకేళని!" అంది మా ఆవిడ. బావమరిది ఫోన్‌లో అదే మాట అన్నాడు. పిన్నిగారు గోడ మీంచి, "బజ్జీలకి బాగానే ఉందిగా" అన్నారు.

మర్నాడు పొద్దున్నే మావగారికి వేలు పొడిపించి షుగరు చూస్తే, వచ్చిన అంకెని మా ఆవిడ పైకి చదవలేదు, నేరుగా అత్తగారికి ఫోన్ చేసింది. ఆయన ఆ సందులో నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి గొంతు తగ్గించారు.

"అల్లుడుగారూ, కత్తి పిలక ఒకటి చూసి మా దొడ్లోకి పంపించండి. మీ అత్తగారికి మాత్రం బొంత అనే చెప్పండేం."